రాని ప్రింటు

మంగళవారం తెల్లారేసరికి ప్రశ్నపత్రం ఊరందరి ఫోన్లలో ఉంది.

పదో తరగతి ప్రీ-ఫైనల్ గణితం. కొత్తకోట చుట్టుపక్కల ఆరు బడులకు ఒకటే పేపర్. సోమవారం సాయంత్రం 7.42కు దాని ఫొటో వాట్సాప్‌లోకి ఎక్కింది. మంగళవారం పరీక్ష రద్దయింది. అదే రోజు సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ మెకానిక్ సాంసన్‌ను స్టేషన్‌కు తీసుకొచ్చారు.

బుధవారం సాయంత్రం ఐదులోపు అతన్ని కోర్టులో హాజరుపరచాలి. లేదంటే వదిలేయాలి. ఎస్‌ఐ యమునకు ఎటూ తోచడం లేదు. సాంసన్ జనం ఇళ్లలోకి వెళ్లి పనిచేసే మనిషి. ఒకసారి రిమాండ్‌కు పోయొస్తే మళ్లీ గడప తొక్కనిచ్చేదెవరు? పాతికేళ్లకే అతని బతుకుదెరువు పోతుంది.

ఉన్న సాక్ష్యమల్లా ఒక్కరి మాట. ఆ ఒక్కరు రిటైర్డ్ తెలుగు పండితుడు మద్దిలేటి. ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పిన సారు. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు ఈ ఊరికి లేదు.

బుధవారం ఉదయం 10.15కు యమున మద్దిలేటి ఇంటికి వెళ్లింది. వెంట కానిస్టేబుల్ బాలన్న.

ప్రశ్నపత్రం తయారుచేసింది మద్దిలేటి కోడలు శ్రీవాణి, లెక్కల టీచర్. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. భర్త రవి విత్తనాల కంపెనీ పని ఇంటి నుంచే చేస్తాడు. హాల్లో రవి కంప్యూటర్, దానికి ప్రింటర్. పడకగదిలో శ్రీవాణి లాప్‌టాప్. వెనక గదిలో పెద్దాయన పాత కంప్యూటర్. మూడింటికీ ఆ ఒక్క ప్రింటరే పనిచేసేలా పది రోజుల కిందట సాంసన్ కలిపి వెళ్లాడు.

"ఆదివారం ఇంకు నింపుతనని ఒచ్చిండు. అర్ధగంట హాల్ల ఒక్కడే ఉండె," అన్నాడు మద్దిలేటి. "వైఫై పాస్‌వర్డు వానికే ఎరుక. ఇంకెవరు తీస్తరమ్మా?"

"తీస్తుంటే మీరు చూసిండ్రా సార్?"

"చూడాల్నా? తెలుస్తలేదా?"

చూడని దాన్ని ఇంత ధీమాగా చెప్పడం పెద్దమనుషులకే చెల్లింది. యమున శ్రీవాణి వైపు తిరిగింది. పేపర్ ఎక్కడ ప్రింట్ తీశారని అడిగింది.

శనివారం ఉదయం 7.20కి లాప్‌టాప్ నుంచి ప్రింట్ నొక్కానని, కాగితం రాలేదని శ్రీవాణి చెప్పింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతూనే ఉండడంతో కరెంటు పోయిన సంగతి వెంటనే తెలియలేదు. హాల్లో కంప్యూటర్ ఆగిపోయి ఉంది. బడికి టైమవుతోందని ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, లాప్‌టాప్‌లోది డిలీట్ చేసి వెళ్లింది. బడిలోనే కాపీలన్నీ తీసి, కవర్‌కు సీలు వేసి బీరువాలో పెట్టింది. కవర్ సీలు ఇప్పటికీ చెదరలేదు.

"ఇంట్ల నొక్కిన ప్రింటు క్యాన్సిల్ జేసిండ్రా?"

శ్రీవాణి అయోమయంగా చూసింది. "రానే రాలేదు గద మేడం. రానిదాన్ని ఏం క్యాన్సిల్ జేస్త?"

లాప్‌టాప్ మళ్లీ ఎప్పుడు తెరిచారని యమున అడిగింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి, హాజరు ఎక్కించడానికి. అప్పుడు హాల్లో కంప్యూటర్ నడుస్తోందా? నడుస్తోందని రవి చెప్పాడు. తాను మాత్రం ఫోన్ వస్తే మేడ మీదికి వెళ్లాడట.

యమున ముగ్గురికీ తలో తెల్లకాగితం ఇచ్చింది. ఆదివారం సాయంత్రం ఎవరెక్కడ ఉన్నారో రాసిమ్మంది. మద్దిలేటికి కోపం వచ్చినా రాశాడు. ఆరు నుంచి ఏడు వరకు హాల్లోనే దినపత్రిక చదువుకుంటున్నానని రాశాడు. యమున మూడు కాగితాలూ చూసి మడిచి జేబులో పెట్టుకుంది.

తర్వాత రవి కంప్యూటర్ ఆపించింది. లాప్‌టాప్‌లో ఒక్క మాట టైప్ చేయించి ప్రింట్ నొక్కించింది. రాలేదు. ఆ ఫైలు డిలీట్ చేయించింది.

"ఇప్పుడు హాల్ల కంప్యూటర్ చాలూ చేయున్రి."

11.02. అందరూ ప్రింటర్ చుట్టూ నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది, ఇంకో నిమిషం. ఉన్నట్టుండి ప్రింటర్ గరగరమంది. ఎవరూ ఏమీ నొక్కకుండానే కాగితం బయటికి వచ్చింది.

శ్రీవాణి గోడకు ఆనుకుంది.

"ప్రింటు రాలేదంటే పోయినట్టు గాదు," అంది యమున. "లాప్‌టాప్‌ల లైన్ల నిలబడి ఉంటది. ఫైలు తీసేసినా ఉంటది. రెండు కంప్యూటర్లు కలిసి నడిచినప్పుడు ఒస్తది. ఆదివారం ఆరింటికి గట్లనే ఒచ్చింది."

"అయితే సాంసన్ అప్పుడే..." అని మద్దిలేటి మొదలుపెట్టాడు.

"సాంసన్ మూడింటికే పోయిండు సార్. అప్పటి నుంచి వీపనగండ్ల ఊర్ల ఇంకో ఇంట్ల పనిమీద ఉండె. నిన్ననే కనుక్కున్న."

ఆమె బల్ల మీద లీకైన ఫొటో ప్రతిని పరిచింది. ఊరంతా అందులో లెక్కలు చూసింది. కాగితాన్ని ఎవరూ చూడలేదు. అచ్చు వెనకాల నీలి సిరా లీలగా మరకలు కట్టి ఉంది. యమున దాన్ని కిటికీ అద్దానికి తిరగేసి ఆనించింది. వెలుతురులో అక్షరాలు తేలాయి. గుణసంధి ఉదాహరణలు. అన్నిటికంటే పైన, నడిమధ్యన, 'శ్రీ'.

జేబులోంచి మూడు కాగితాలు తీసి పక్కన పెట్టింది. ఒక్కదాని మీదే పైన నడిమధ్యన 'శ్రీ' ఉంది. ఏ కాగితం ముట్టుకున్నా అది రాయకుండా మద్దిలేటి కలం కదలదు.

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

ప్రింటర్ దగ్గర పడి ఉన్న ఒకవైపు ఖాళీ కాగితాలను ఆయన పారేయనివ్వడు. వెనకవైపు అభ్యాసాలు రాసి ట్యూషన్ పిల్లలకు పంచుతాడు. కోడలు పాత ప్రశ్నపత్రాలు ఎప్పుడూ తీస్తూనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం ప్రింటర్‌లోంచి వచ్చినదీ అలాంటిదేననుకున్నాడు. సోమవారం ఉదయం దాని వెనక సంధులు రాసి ఇచ్చాడు. ఇంటికెళ్లి తిప్పి చూసిన పిల్ల ఎవరో ఫొటో తీసింది.

"నా చేతులతోని నేనే పంచిన," అన్నాడు. "ఆ పిల్లగాణ్ణి దొంగ అన్న."

మధ్యాహ్నం 2.30కు సాంసన్ స్టేషన్ మెట్లు దిగాడు. అక్కడే కాచుకుని ఉన్న మద్దిలేటి ఎదురుగా వెళ్లి చేతులు జోడించబోయాడు. సాంసన్ వెనక్కి జరిగాడు.

"నాకొద్దు సార్. మా అమ్మకు జెప్పున్రి. నేను తియ్యలేదని మొత్తుకున్న. నమ్మలేదు. మద్దిలేటి సారు అబద్ధమాడడు అన్నది."

పెద్దాయన జీపు వైపు నడిచాడు. యమున జీపులోనే ముగ్గురూ వెళ్లారు.

సారును చూడగానే సాంసన్ తల్లి జమ్ములమ్మ కొంగు సవరించుకుని కుర్చీ వేసింది. కొడుకు వైపు చూడలేదు. మద్దిలేటి కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాడు. తప్పు తనదేనని, సాంసన్ కాగితం ముక్క కూడా ముట్టలేదని చెప్పాడు.

జమ్ములమ్మ చివరిదాకా విన్నది. కొడుకు చేయి పట్టుకుంది. ఆ చేయి వదలకుండానే వీధి తలుపు పూర్తిగా తెరిచింది. నిన్న పోలీసు జీపును చూడటానికి వచ్చినవాళ్లే ఇప్పుడూ అరుగుల మీద నిలబడి ఉన్నారు.

"సారూ, జర బయటికొచ్చి చెప్పున్రి," అంది. "వాడకట్టంత వినేటట్టు చెప్పున్రి."

మద్దిలేటి చెప్పులు వేసుకోకుండానే ఎండలోకి నడిచి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.