సేవ్ చెయ్యని మార్పు

"వాన వచ్చేలా ఉందా?" అని అడిగాడు చీఫ్.

"వస్తే తడుస్తాను సార్" అన్నాడు ముల్లు విసుగ్గా. తన గదిలో, తలుపు వేసుకుని, పదేళ్ళుగా ఎరిగిన ఏజెంటు చేత కూడా కోడ్‌వర్డ్ చెప్పించుకుంటే తప్ప ఆ మహానుభావుడికి పొద్దు పోదు. ముల్లు అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

"టైమ్ పదకొండూ ఇరవై. పన్నెండున్నరకి మీ అక్క శత్రువుల ఓడరేవులోంచి బయటికొస్తుంది. ఉత్తరం గేటు. ఏ గేటుకి రావాలో మన డ్రైవర్‌కి చెప్పే పత్రం, సరిగ్గా పన్నెండింటికి డేటాబేస్ నుంచి దానంతటదే వెళ్తుంది. ఆ ఒక్క మెసేజ్ తప్ప అతనికి ఇంకేదీ అందదు. 'పన్నెండులోపు పత్రం మారుతుంది' అని నల్లతేలు ముఠా మెసేజ్ ఒకటి దొరికింది. కంగారేం లేదు. ఎవరేం మార్చారో రాసుకునే లాగ్ చూశాం. ఎవరూ ఏదీ మార్చలేదు."

"లాగ్‌లో పడేది సేవ్ చేసినవే సార్. టైప్ చేసి, సేవ్ చెయ్యకుండా వదిలేస్తే లాగ్‌కేం తెలుస్తుంది?"

చీఫ్ కళ్ళు మిటకరించాడు. ఈయన చేతిలోనా అక్క ప్రాణం! ముల్లుకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళుగా అక్క ఆ దేశంలో దర్జీ పని చేస్తూ రహస్యాలు పంపుతోంది. డ్రైవర్ ఇంకో గేటుకు పోతే, ఉత్తరం గేటు దగ్గర ఆమెను ఎక్కించుకునేది ముఠా బండే.

చీఫ్ అతనికి ప్రింటర్ మెకానిక్ వేషం, దురద పెట్టే మీసం, ఫోటోలు తీసే పెన్ను ఇచ్చాడు. ఆ పెన్ను ఫోటో తియ్యదు సరికదా, రాయనైనా రాయదు.

రికార్డ్స్ సెక్షన్‌లో ఉండేది ఇద్దరే. గుమాస్తా, ఆయన పైన మేడమ్. ఆవిడ వస్తే కారిడార్‌లో సెంటు ముందు నడుస్తుంది, ఆఫీసర్లు వెనక నడుస్తారు. ఆవిడ నవ్వితే తాళాలు ఇచ్చేసే వెధవలు ఆ బిల్డింగులో కనీసం నలుగురున్నారు.

"ప్రింటర్ బాగానే ఉందే" అంది మేడమ్.

"బాగున్నప్పుడే చూడమన్నారండి" అని ముల్లు గుమాస్తా టేబుల్ దగ్గరికి నడిచాడు.

స్క్రీన్ మీద పత్రం తెరిచే ఉంది. దాని పేరు పక్కన చిన్న నక్షత్రం. సేవ్ కాని మార్పు ఉందని గుర్తు.

"ఈ చుక్కేంటి బాబాయ్?"

"అదెప్పుడూ ఉంటుందయ్యా. పత్రం తెరిస్తే చాలు, ఇవాళ్టి తేదీ అదే వేసుకుని చుక్క పెట్టేస్తుంది. మూసేటప్పుడు 'సేవ్ చెయ్యాలా?' అంటుంది, నేను 'యస్' కొడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇంతే."

ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్! ఏమీ మారకపోయినా మారిందని కేకలు పెడుతుంది. అందుకే నిజంగా మారిన రోజు దాని మొర ఎవరికీ పట్టదు. దానికి తోడు ఈ మహాశయుడి వేలు. నల్లతేలు ముఠా ఈయన్ని కొనక్కర్లేదు. మార్పు టైప్ చేసి వదిలేస్తే, ఆయనే సేవ్ చేస్తాడు, లాగ్‌లో ఆయన పేరే పడుతుంది.

పదకొండూ యాభై ఏడు. గుమాస్తా రోజూలాగే భోజనానికి లేస్తూ పత్రం మూశాడు. 'సేవ్ చెయ్యాలా?' అనే పెట్టె వచ్చింది. వేలు లేచింది.

ముల్లు ఆ చెయ్యి పట్టుకుని 'క్యాన్సిల్' నొక్కాడు.

"ఇదేం మెకానిక్కమ్మా!" అన్నాడు గుమాస్తా.

ముల్లు పక్క కంప్యూటర్‌లో, డేటాబేస్‌లో సేవ్ అయి ఉన్న కాపీని తెరిచాడు. ఒక్కొక్క గడీ పోల్చాడు. తేదీ మారింది, అది యంత్రం పని. కోడ్‌వర్డ్ అదే. బండి నంబర్ అదే. గేటు: కాపీలో ఉత్తరం, స్క్రీన్ మీద దక్షిణం.

"నేను ముట్టుకోలేదయ్యా, ఒట్టు! టీకి వెళ్ళొచ్చానంతే" అన్నాడు గుమాస్తా బిక్కచచ్చిపోయి.

మేడమ్ తాపీగా లిప్‌స్టిక్ సరిచేసుకుంది. "కంప్యూటర్ ఆయనది. ఇంకెవరైనా మార్చారని రుజువేముంది?"

"సేవ్ చెయ్యని దానికి రుజువుండదు. కానీ అన్‌డూ ఉంటుంది మేడమ్."

అన్‌డూ నొక్కాడు. చెరిపేసిన అక్షరాలన్నీ గేటు గడిలోకి తిరిగొచ్చాయి: 'మేడమ్‌గారికి నమస్కారం. గేటు దక్షిణం అని మార్చి, సేవ్ చెయ్యకుండా వదిలెయ్యండి. ముసలాడే నొక్కుతాడు. ఇట్లు, నల్లతేలు.' ఒక్క మాట టైప్ చెయ్యడానికి బద్ధకించి, ఆవిడ పై నుంచి వచ్చిన ఆర్డరంతా పేస్ట్ చేసి మిగతాది చెరిపింది. ఇలాంటి వాళ్ళకా ఇన్నేళ్ళు భయపడింది!

మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసేలోపు గుమాస్తా భోజనం క్యారియర్ ఆవిడ మణికట్టు మీద పడింది. "ముసలాడా?" అన్నాడాయన. అన్నింటికంటే ఆ మాటే ఆయన్ను కుట్టింది.

పన్నెండుకు అర నిమిషం ఉండగా ముల్లు పత్రాన్ని సేవ్ చెయ్యకుండా మూశాడు. ఉత్తరం గేటు ఉన్న పాత కాపీ డ్రైవర్‌కు వెళ్ళింది.

ఆ తరవాత రెండున్నర గంటలు ముల్లు ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి ఆడలేదు. రెండున్నరకు ఫోన్ మోగింది.

"ఒరేయ్, సరిహద్దు దాటాను. ఆరేళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేస్తే, నాకు పంపింది ఈ డొక్కు బండా?"

మీసం ఊడి గడ్డం మీద పడేదాకా ఏడ్చాడు ముల్లు. "లేదక్కా" అన్నాడు చివరికి, "మంచి బండిలో మా చీఫ్ భోజనానికెళ్ళాడు."