లోపల సున్నా

అల్లూరు దాటాక రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ ప్రాసెసింగ్ కంపెనీలో అన్నం వేళకి మిషన్లన్నీ ఆగిపోతాయి. రొయ్యల పొట్టు తీసే ఒలుపు సెక్షన్ ఆడవాళ్ళు క్యారేజీలు విప్పుకుని షెడ్డు నీడన చేరతారు. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచీ అక్కడే భీష్మించుకు కూర్చున్నారు. కోల్డ్ రూమ్‌లోకి అడుగు పెట్టేది లేదన్నారు.

ఇంజినీరు వినోద్‌కి ఒళ్ళు మండింది. విమానాల బ్రేకులకి లెక్కలు కట్టినవాడు. ఈ కంపులో ముక్కు మూసుకుని ఒక తలుపుకి లెక్క కట్టడమే తలవంపులనుకుంటే, పైగా ఈ గోల!

పోయిన వానాకాలం చిట్టి అనే ఒలుపు మనిషి ఆ గదిలో పెట్టెలు సర్దుతుంటే, చూసుకోకుండా ఎవరో తలుపు వేసేశారు. తెల్లారి తీస్తే కొయ్యబారి ఉంది. ఆ తర్వాతే ఓనరు జీవానందం కొత్త తలుపు పెట్టించి, అది మనుషుల్ని చంపదని తేల్చే పని వినోద్‌కి అప్పజెప్పాడు.

తేల్చడమంటే తలుపు తీసి మూసి చూడడం కాదు. ఆ నాటుపని వినోద్ చెయ్యడు. తలుపు, తాళం, మనిషి ఎలా ప్రవర్తిస్తారో కంప్యూటర్లో మోడల్ రాస్తాడు. జరగడానికి వీలున్నవన్నీ కంప్యూటరే గాలించి, ప్రమాదం లేదని రుజువు చేస్తుంది. ఆ మోడల్లో మనిషంటే ఒక అంకె. లోపలికి పోతే ఒకటి కలుస్తుంది, బయటికొస్తే ఒకటి పోతుంది. సున్నా అయితేనే తాళం పడుతుంది. మొదట కంప్యూటర్ పేచీ పెట్టింది. పోయిన మనిషి ఎప్పటికీ రాకపోతే తాళమే పడదు, చలి నిలవక సరుకు కుళ్ళిపోతుంది అంది. వినోద్ విసుక్కుని ఒక లైను చేర్చాడు: 'లోపలికి పోయినవాళ్ళు బయటికి వస్తారు.' రుజువు కుదిరింది. అదే లెక్కతో తాళం బిగించి, లోపల ఎంతమందో చూపే బోర్డు తలుపుకి లోపలా బయటా పెట్టించాడు. పోయిందెవరు, వచ్చిందెవరు అన్నది మోడల్లో లేదు. అంత వివరం దండగ. లోపలివైపు గొళ్ళెం కూడా దండగేనని అతనే పీకించాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

"ఏం రెబెక్కమ్మా, దయ్యమా?" అని మేస్త్రమ్మని వెక్కిరించాడు.

"శవాన్ని మోసుకొచ్చినాం గానీ సార్, ఆ పిల్ల రాలేదు. లోపలే ఉండాది."

"లోపలుంటే బోర్డు మీద సున్నా ఎందుకు చూపిస్తుంది?"

బోర్డు పెట్టకముందు పోయిన మనిషి బోర్డుకెలా తెలుస్తుందని ఆ మేధావికి తట్టలేదు. కంపెనీ కోటు తొడుక్కుని, ఇంజినీర్లకిచ్చే నీలం తాడు కార్డుని పైకి లాగి పెట్టుకున్నాడు. ఒలుపు వాళ్ళది పసుపు తాడు. ఆ తేడా కనపడాలి కదా.

"నేను పోయొస్తా. వచ్చాక అందరూ నోరు మూసుకుని పనిలోకి రావాలి."

"మీ ఇష్టం సార్. టీ పోసి ఉంచుతాలే."

తలుపు వెనకాల మూసుకుంది. లోపలి బోర్డు మీద ఒకటి పడింది. పెట్టెల వరసల మధ్య తెల్లటి పొగ. అంత చలిలోనూ చచ్చిన రొయ్యల నీచు. పైన ఫ్యాన్ల హోరు. చివరిదాకా నడిచి, గోడని అరచేత్తో తట్టి, "దయ్యమంట!" అని నవ్వాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి.

నోట్లోంచి ఆవిరి వస్తోంది. దాని పక్కనే... ఇంకో ఆవిరి.

ఊపిరి బిగబట్టాడు. అతని ఆవిరి ఆగింది. రెండోది ఆగలేదు.

"నేను ముందు పోతా సార్..."

చెవి పక్కనే. వినయంగా. మెడలో తాడుని ఎవరో సుతారంగా లాగారు...

పరుగెత్తాడు. అప్పటికే తలుపు తెరుచుకుంటోంది. ఎండ చీలికలో ఎవరో దాటారు. మూసుకుంది. బోర్డు మీద ఒకటి పోయి సున్నా వచ్చింది.

ఠక్.

తాళం.

గొళ్ళెం కోసం చెయ్యి తడిమింది. మరమేకుల బొక్కలు తగిలాయి. తలుపులోని చిన్న అద్దానికి ముఖం ఆనించి, "రెబెక్కమ్మా!" అని అరిచాడు. చలి దాటని తలుపుని అరుపేం దాటుతుంది? బయట రెబెక్కమ్మ బోర్డు చూసి, స్తోత్రం చెప్పుకుంటున్నట్టు చేతులెత్తింది. టీ గ్లాసు పక్కకి చాచింది. కంపెనీ కోటు చెయ్యి ఒకటి దాన్ని అందుకుంది. ఆ కోటు మీద నీలం తాడు ఊగుతోంది.

రెబెక్కమ్మ ఆ కోటుతో నవ్వుతూ ఏదో మాట్లాడింది. తర్వాత షెడ్డులో ఆడవాళ్ళు క్యారేజీలు సర్దుకుని గేటు వైపు నడిచారు. సార్ సెలవిచ్చినట్టున్నాడు.

దీపం ఆరింది. లోపల ఎవరూ లేనప్పుడు దీపం దండగని రాసిందీ వినోదే.

మెడ తడుముకున్నాడు. కార్డు ఉంది. అద్దంలోంచి వచ్చే వెలుగుకి ఎత్తి చూశాడు. తాడు పసుపుది. బొటనవేలితో మంచు తుడిచాడు. 'చిట్టి, ఒలుపు సెక్షన్' అని పేరుంది.

ఫొటో మాత్రం అతనిదే. అందులో అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు.