వెర్నన్ ముంగిట్లో జరిగిన గోడలు

కిల్న్ వీధి చివరింటి ముంగిలి మంచిది కాదు. హార్లన్ ఫాల్స్‌లో ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు.

ఆ ఇల్లు కట్టించుకున్న అగాథ అనే ముసలావిడ, అందులో కాపురానికి దిగే ముందురోజే మెట్ల మీంచి పడి పోయిందట. కట్టుకున్న ఇంట్లో ఒక్క రాత్రయినా కునుకు తీయని ప్రాణం ఊరికే పోతుందా? ఏటా అక్టోబర్ ఆఖరి వారంలో వస్తుంది... చేతిలో కొలత టేపుతో... తన గదులు తాను కొలుచుకుంటుంది. కొలత ఎక్కడైనా తగ్గిందో — ఆ ఇంట్లో ఒకరికి శవపేటిక కొలత తీసుకుని మరీ పోతుంది.

చూసినవాళ్ళున్నారు. మందుల షాపావిడ వాళ్ళ అమ్మమ్మ చూసింది. ఉత్తరాలు పంచే అతనైతే రెండుసార్లు చూశాడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. అగాథ అనే మనిషి అసలు పుట్టనే లేదు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట వెర్నన్ హోలుబ్ ఆ చివరింట్లోనే, తన వంటగదిలో బీరు తాగుతూ ఆవిణ్ణి పుట్టించాడు.

వెర్నన్ బడి బస్సులు బాగుచేసి రిటైరైన మెకానిక్. అరవై ఆరేళ్ళు. ఏటా అక్టోబర్ ఆఖర్న, పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని చాక్లెట్లడిగే హాలోవీన్ పండక్కి, ఇంటి ముంగిట్లో దెయ్యాలకొంప కడతాడు. గిడ్డంగులు పారేసిన చెక్క చట్రాలు తెచ్చి నిలబెట్టి, స్క్రూలతో బిగించి, నల్ల టార్పాలిన్ కప్పి, కింద ఎండుగడ్డి పరిచి, అయిదు మలుపుల చీకటి దారి చేస్తాడు. దానికో కథ కావాలి కాబట్టి అగాథ. ఆ ఒక్క రాత్రి ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉంటారు. మిగతా ఏడాదంతా వెర్నన్ ఆ రాత్రి గురించే మాట్లాడతాడు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. భయం ఇరుకులో పుడుతుందట. దారి వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, అంతే. ఒక్క అంగుళం పెరిగినా భయం కారిపోతుందనేవాడు.

ఈ ఏడు మాత్రం ఆయన గుండె గుప్పిట్లో పెట్టుకుని కట్టాడు. పక్క ఊళ్ళో ఇలాంటిదే కూలి ఒక పిల్లాడి చెయ్యి విరిగింది. టౌను ఆఫీసు మనిషి వచ్చి వేలు చూపించి మరీ చెప్పాడు — ఒక్క చట్రం ఊడినా, ఒక్క పిల్లకి గీత పడినా, ఇదే ఆఖరు హాలోవీన్.

మంగళవారం పొద్దున కాఫీ కప్పుతో మొదటి మలుపులోకి అడుగుపెట్టిన వెర్నన్ టక్కున ఆగిపోయాడు.

భుజాలకి గోడ తగల్లేదు.

టేపు తెచ్చి కొలిచాడు. ముప్పై మూడు అంగుళాలు! నిన్న సాయంత్రం తన చేత్తో బిగించినప్పుడు ఇరవై నాలుగు. పోనీ గాలికి జరిగిందనుకుందామా అంటే, స్క్రూలు విప్పి, చట్రం జరిపి, మళ్ళీ బిగించి పోయేంత ఓపిక గాలికి ఎక్కడిది?

"బెర్నీ! రాత్రి ఏమైనా చప్పుడు విన్నావా?"

బెర్నడెట్ వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టింది. నలభై ఏళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్న మనిషి, ఒక పట్టాన దేనికీ బెదరదు.

"విన్నాను. నీ గురక."

"గోడ జరిగిందే!"

"జరిగితే జరగనీ. ఆ కాస్త వెడల్పు ఉంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇది ఎవడో కావాలని చేసిన పని. స్క్రూలు వదులు చేసి, శనివారం హాలోవీన్ రాత్రి జనం మధ్యలో కూలగొడదామని."

ఆవిడ ఏదో అనబోయి, ఆయన మొహం చూసి, కిటికీ మూసేసింది.

ఎవడో ఏమిటి... వెర్నన్‌కి పేరుతో సహా తెలుసు. పక్కింటి క్లైడ్.

ముప్పై ఏళ్ళు ఆ రెండిళ్ళ మధ్య కంచె ఉందన్న మాటే గానీ, ఎవరికీ అడ్డొచ్చింది లేదు. అలాంటిది పోయిన నవంబర్ నుంచీ క్లైడ్ మాట్లాడ్డం మానేశాడు. నిచ్చెన తిరిగివ్వలేదని కోపం కాబోలు అనుకుని వెర్నన్ పట్టుకెళ్ళి ఇచ్చాడు. క్లైడ్ నిచ్చెన తీసుకుని మొహం మీదే తలుపేశాడు. అప్పట్నుంచీ వెర్నన్ మనసులో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ భూతానికి టార్పాలిన్లూ చట్రాలూ కూడా అక్కర్లేదు.

గోడని మళ్ళీ ఇరవై నాలుగుకి జరిపి, పన్నెండు స్క్రూలు అదనంగా బిగించాడు. గేటుకి తాళం వేశాడు.

బుధవారం పొద్దున చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది.

మొదటి మలుపు ముప్పై మూడు. రెండోది ముప్పై మూడు. మూడోదీ అంతే. అదనంగా బిగించిన పన్నెండు స్క్రూలూ గుమ్మంలో పెట్టిన గుమ్మడికాయ మీద... వరసగా... పేర్చి ఉన్నాయి.

వెర్నన్ ఒక స్క్రూ తీసి తిప్పి చూశాడు. దొంగ పని చేసేవాడు స్క్రూలు పారేసి పోతాడు గానీ ఇంత బుద్ధిగా పేర్చి పోతాడా?

కంచె అవతల క్లైడ్ ఎండుటాకులు ఊడుస్తున్నాడు. వెర్నన్ కంచె దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

"రాత్రిళ్ళు నిద్ర బాగానే పడుతోందా, క్లైడ్?"

ఏడాది తర్వాత క్లైడ్ నోరు విప్పాడు. "నాకు పడుతోంది. నీకు పట్టట్లేదా? చేసింది గుర్తొస్తే పట్టదులే."

"నేనేం చేశాన్రా?"

"అదీ గుర్తు లేదన్నమాట." క్లైడ్ ఆకుల గంప ఎత్తుకుని లోపలికి పోయాడు.

ఆ రోజంతా వెర్నన్ ముద్ద మింగలేదు, గోడల జోలికీ పోలేదు. క్లైడే అయితే తాళం ఎలా తీశాడు? క్లైడ్ కాకపోతే... ఇంకెవరు? రాత్రిపూట గదులు కొలుచుకుని, తనకి నచ్చినట్టు జరుపుకునే వాళ్ళు ఇంకెవరున్నారు? ఆ ఆలోచన రాగానే తన తల మీద తనే మొట్టుకున్నాడు. తన నోటితో అల్లిన కట్టుకథకి తనే జడుసుకుంటున్నాడు, సిగ్గు లేకపోతే సరి.

చీకటి పడ్డాక బెర్నడెట్‌తో తలనొప్పి అని చెప్పి, వెనక తలుపు నుంచి ముంగిట్లోకి వచ్చాడు. అయిదో మలుపులో ఆయన కొత్తగా చేసిన శవపేటిక ఉంది. శనివారం తనే అందులో పడుకుని లేవాలని మోజుపడి చేసుకున్నది. మొహానికి తెల్లపొడి పూసుకుని, నల్ల దుప్పటి కప్పుకుని, అందులో పడుకున్నాడు. దొంగ చూసినా బొమ్మ అనుకోవాలి. చేతి కింద ఆకుపచ్చ దీపం స్విచ్చి పెట్టుకున్నాడు.

పది దాటింది. వీధిలో గుమ్మం దీపాలు ఒక్కొక్కటీ ఆరాయి. చలి పలకల సందుల్లోంచి లోపలికొస్తోంది. పచ్చి గుమ్మడి వాసన...

దారి మొదట్లో వేలాడే గుడ్డ కదిలింది.

అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. ఎండుగడ్డి మాత్రం నలుగుతోంది... మెత్తగా... ఆగకుండా. నడిచే మనిషి కాలు తీసి కాలు వేస్తాడు, మధ్యలో సందు ఉంటుంది. దీనికి సందు లేదు. ఏదో జారుతూ వస్తోంది.

సర్ర్ర్ర్...

టక్!

ఆ చప్పుడు ఏ మెకానిక్‌కైనా నిద్రలో కూడా తెలుస్తుంది. ఇనప టేపు లాగి వదిలిన చప్పుడు.

కొలుస్తోంది!

"ముప్పై మూడు..." గుసగుస. సన్నటి ఆడగొంతు.

అగాథ లేదు, నేనే పుట్టించాను, అగాథ లేదు — వెర్నన్ లోపల్లోపల జపం మొదలెట్టాడు. కానీ ఇరవై ఏళ్ళు ఊరంతా కలిసి మేపిన అబద్ధం అంత తేలిగ్గా చస్తుందా? గడ్డి నలుగుతూనే ఉంది. రెండో మలుపు... మూడో మలుపు... నాలుగో మలుపు...

సర్ర్ర్ర్... టక్.

"ఇరవై నాలుగు..."

కాసేపు స్క్రూలు విప్పుతున్న కిర్రుకిర్రు. చెక్క నేల మీద ఈడ్చిన చప్పుడు. మళ్ళీ గడ్డి.

అప్పుడు కనిపించింది — మొహం!

తెల్లగా, కళ్ళ చుట్టూ నల్లగా, కింద నుంచి ఏదో పాలిపోయిన వెలుగు. మనిషి మొహం ఉండాల్సిన ఎత్తులో లేదు, మొలెత్తున ఉంది. నడిస్తే మొహం కాస్తయినా పైకీ కిందకీ కదలాలి. ఇది కదలడం లేదు. నీళ్ళ మీద తేలినట్టు తిన్నగా... పేటిక వైపే... వస్తోంది.

 బిగుసుకుపోయిన వేలు దానంతటదే స్విచ్చి నొక్కింది.

ఆకుపచ్చ దీపం వెలిగింది.

చక్రాల కుర్చీ. అందులో మెడలో చీకట్లో వెలిగే ప్లాస్టిక్ కడ్డీ వేసుకుని, మొహానికి రంగు పూసుకుని, ఒళ్ళో టేపు పెట్టుకున్న పిల్ల — ఎల్సీ, క్లైడ్ మనవరాలు. తొమ్మిదేళ్ళది. కిందటేడు వేసవిలో కారు ప్రమాదం అయినప్పట్నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. వెనకాల, బూట్లు విప్పేసి పిల్లిలా అడుగులేస్తూ, స్క్రూడ్రైవర్‌తో క్లైడ్.

"భయపడకు తల్లీ," అన్నాడు క్లైడ్ గుసగుసగా. "మనిషి అలికిడికి దానంతటదే వెలిగే దీపం అయ్యుంటుంది. వాడికి ఇలాంటి వేషాలు చాలా వచ్చు."

"తాతా, ఈ బొమ్మ అచ్చం మిస్టర్ హోలుబ్‌లా ఉంది."

"ఉంటుంది. తన మొహం కంటే భయంకరమైంది వాడికి ఎక్కడ దొరుకుతుంది?"

వెర్నన్ ఊపిరి బిగపట్టాడు. దొంగ దొరికాడు. లేచి మెడ పట్టుకోవడమే తరువాయి. కానీ ఎల్సీ ఇంకోమాట అంది.

"శనివారం ఆయన చూస్తే మళ్ళీ బయటే ఉండమంటాడేమో తాతా."

"అనడు. దారి సరిపోతే ఏమని ఆపుతాడు?"

మళ్ళీ... బయటే...

అప్పుడు గుర్తొచ్చింది వెర్నన్‌కి. పోయినేడు, వీధి మొదటిదాకా వరస, తన మొహానికి తోడేలు మాస్కు. ఒక చక్రాల కుర్చీ వచ్చింది. 'ఆ బండి లోపల పట్టదమ్మా, పక్కకి తప్పుకో, వెనక జనం ఉన్నారు' అని, ఒళ్ళో గుప్పెడు చాక్లెట్లు పోశాడు. పైగా మంచిపని చేశాననుకున్నాడు. ఆ తర్వాత ఆ కుర్చీ గంటసేపు అక్కడే ఉంది, లోపల మిగతా పిల్లలు అరుస్తుంటే వింటూ. తను ఒక్కసారైనా తల తిప్పలేదు.

పేటికలో పడుకున్న వెర్నన్‌కి సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

సర్ర్ర్ర్... టక్.

"ఇక్కడ పట్టదు తాతా. పెట్టె అడ్డం."

"జరుపుదాం." క్లైడ్ పేటిక కొస పట్టుకుని నెట్టాడు. కదల్లేదు. "అబ్బ! ఇంత బరువేంటి, రాళ్ళు నింపాడా?"

"ఆగరా, దిగుతున్నాను," అంది శవం.

ఎల్సీ పెట్టిన కేక వీధంతా వినిపించింది. క్లైడ్ స్క్రూడ్రైవర్ పారేసి గోడకి అతుక్కుపోయాడు.

"నువ్వా! చచ్చినవాడా! గుండె ఆగిపోయుంటే?"

"నా తాళం ఎలా తీశావు ముందది చెప్పు."

"నేనిచ్చాను తాళం చెవి," టార్పాలిన్ అవతల నుంచి బెర్నడెట్ గొంతు. "నీకు చెబితే వింటావా? ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అని జపం."

వెర్నన్ దుప్పటి కాళ్ళకి చుట్టుకుని తంటాలు పడుతూ పేటికలోంచి దిగాడు. "ఒక్క మాట అడిగుంటే నేనే జరిపేవాణ్ణి కదరా," అన్నాడు, క్లైడ్ మొహంలోకి చూడకుండా.

"నా మనవరాలికి దారి అడుక్కోవాలా? మిగతా పిల్లలు అడుక్కునే వచ్చారా లోపలికి?"

వెర్నన్ వెళ్ళి ఎల్సీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పోయినేడు నేను కుర్చీని చూశానమ్మా, నిన్ను చూళ్ళేదు. తప్పు నాది."

ఎల్సీ ఫరవాలేదనలేదు. ఫరవాలేదని ఆ పిల్ల ఎందుకనాలి? పేటిక వైపు వేలు చూపించి, "పెట్టె తీసేయండి," అంది.

ఇద్దరు ముసలాళ్ళూ చెరో కొసా పట్టుకుని, ఒకర్నొకరు తిట్టుకుంటూ పేటికని బయటికి మోశారు. ఎల్సీ మళ్ళీ మొదట్నుంచీ వస్తానంది. ఎవరూ తోడు రావద్దంది. దీపాలు కూడా ఆర్పేయమంది.

ఇద్దరూ దారి చివర, బయట, చలిలో నిలబడ్డారు.

గడ్డి నలిగిన చప్పుడు... మొదటి మలుపు... రెండోది... మూడోది...

ఆగిపోయింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ఎల్సీ?" పిలిచాడు క్లైడ్. పలకలేదు.

 నాలుగో మలుపు ఇప్పుడే విప్పారు. అన్ని స్క్రూలూ బిగించారా? చట్రం పిల్ల మీద పడి ఉంటే? టౌను ఆఫీసు సంగతి వెర్నన్‌కి గుర్తే రాలేదు. కట్టిన కొంప రేపే తగలబడిపోయినా ఆయనకి బాధ లేదు, పిల్ల పలికితే చాలు.

"ఎల్సీ! అమ్మా!" వంగి, గుడ్డ ఎత్తి, చీకట్లోకి తల పెట్టాడు.

ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి మొహం తటాలున వెలిగింది.

"భౌ!"

వెర్నన్ పెట్టిన చావుకేకకి కిల్న్ వీధిలో ఆరిన దీపాలన్నీ మళ్ళీ వెలిగాయి. ఆయన వెల్లకిలా గుమ్మడికాయల మీద పడ్డాడు. క్లైడ్ నవ్వాపుకోలేక కంచె పట్టుకుని వంగిపోయాడు.

ఎల్సీ మాత్రం నవ్వలేదు. అప్పటిదాకా చొక్కాలో దాచిన కడ్డీని మెడలో సర్దుకుంటూ, చక్రాలు తిప్పుకుని, తీరిగ్గా బయటికొచ్చింది.

"మిస్టర్ హోలుబ్, శనివారం లోపల దెయ్యం నేనే."

వెర్నన్ పడ్డవాడు పడ్డట్టే ఉండి, సరేనన్నాడు.