ఎడమ చేతికి ఎక్కని గాజులు

"బాచుపల్లి బావినీళ్ళు పరీక్షకు తీసుకున్న హెల్త్ ఇన్‌స్పెక్టర్‌ను సోమవారం లారీ గుద్దేసింది. ఆయన ఫైలు మాయం," అన్నాడు చీఫ్ సోమేశ్వరరావు. "ఆ ఊరి ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ విపరీతంగా వస్తోంది. పక్కనున్న విదేశీ మందుల ఫ్యాక్టరీ మీద అనుమానం. ఆధారం కావాలి, పార్థసారథీ."

అది 1974. నాలుగో రోజున ఏజెంట్ పార్థసారథి గాజుల మలారం భుజాన వేసుకుని బాచుపల్లిలో తిరుగుతున్నాడు. మలారంలో మినీ కెమెరా.

ఓ ఇంటి అరుగు మీద భూలక్ష్మి గాజులకు చేతులు చాపింది. కుడి చేతికి ఎక్కిన గాజు ఎడమ చేతికి ఎక్కలేదు. చెయ్యి వాచి నున్నగా మెరుస్తోంది.

"గట్ల చూస్తవేందన్నా? జర పెద్దవి తియ్యి. మా ఆడబిడ్డకు గూడ గిట్లనే ఉబ్బె. పోయింది పాపం."

"దవాఖానకు పోలేదామ్మా?"

"రొమ్ముల గడ్డాయె. మొగ డాక్టర్‌కు చూపెడ్తమా? మంచిగ చెప్తవ్!" అని నవ్వింది.

మొగుడికి కూడా చెప్పని జబ్బు. గాజులాయనకు మాత్రం చెయ్యి చాపక తప్పదు. నలభై ఇళ్ళలో పదకొండు వాపు చేతులు కెమెరాకెక్కాయి. ప్రతి ఇంట్లోనూ ఐదారేళ్ళ కిందటి దసరాకు ఫ్యాక్టరీవాళ్ళు ఉచితంగా పంచిన ఇనుప డ్రమ్ము. చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్లు పెట్టి, తాగేనీళ్ళు నింపుకున్నారు.

మర్నాడు సంధ్య వార్చబోతూ పార్థసారథి దోసిట్లో నీళ్ళకేసి చూశాడు. గంగమ్మను పిలిస్తే ఈ నీళ్ళలోకి వస్తుందా, తండ్రీ?

మధ్యాహ్నం ఫ్యాక్టరీ లాబ్ నుంచి రత్నమాల వచ్చింది. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర.

"పచ్చవి ఉన్నాయా?"

"మట్టివే ఉన్నాయి."

చీఫ్ చెప్పి పంపిన కోడ్ సరిపోయింది.

"డ్రమ్ముల్లో హార్మోన్ మందు ఉండేదండి. ఆ లెక్కలు రాసిన రిజిస్టర్ మేనేజర్ సూట్‌కేసులో ఉంది. మూడింటికి ఫ్లైట్." గొంతు తగ్గించింది. "ఇన్‌స్పెక్టర్‌గారి ఆచూకీ లారీవాళ్ళకు ఇచ్చింది నేనే."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

ఆమె ఎడమ చెయ్యి చూపింది. బోసిగా ఉంది. "బంగారు గాజు నిన్న కంసాలిచేత కోయించుకున్నానండి."

బేగంపేటలో విమానం మెట్లు లాగేస్తుండగా పార్థసారథి ఒక్క గెంతులో ఎక్కి సూట్‌కేసు లాక్కున్నాడు. రిజిస్టర్ దొరికింది!

చీఫ్ దానిమీద 'టాప్ సీక్రెట్' ముద్ర కొట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "శభాష్. మేనేజర్‌ను వదిలేశాం, పైనుంచి ఫోన్. ఊరికి ఒక్కమాట పొక్కకూడదు."

పార్థసారథి జీవితంలో మొదటిసారి ఆర్డర్ తప్పాడు. మళ్ళీ మలారం వేసుకుని వెళ్ళి, ఆ డ్రమ్ము నీళ్ళు తాగొద్దని భూలక్ష్మి భర్త పెంటయ్యను బతిమాలాడు.

"గాజులమ్మెటోనివి, నీకేం ఎర్క డ్రమ్ముల సంగతి?" పెంటయ్య పగలబడి నవ్వి, అదే డ్రమ్ములోంచి చెంబు ముంచి ఇచ్చాడు. "ఎండల వచ్చినవ్, తాగు."

మారువేషం అంత చక్కగా కుదిరింది.