తలుపుకి అడ్డం పెట్టిన రాయి

గిన్నెలోంచి రాయిని బయటికి తీసి చూసేసరికి పిడుగు గుండె గుభేలుమంది.

రాయి మీద చుట్టలు చుట్టుకున్న గవ్వ ఆకారం ఉండాలి. ఆ చుట్టల మీద దువ్వెన పళ్లలా సన్నటి గీతలుండాలి. చుట్టలైతే లీలగా కనిపిస్తున్నాయి. గీతలు ఒక్కటీ లేవు. అరిగిపోయిన సబ్బుబిళ్లలా రాయి నున్నగా తయారైంది.

"కొంప మునిగింది!" అంది పిడుగు, బాత్రూంలో ఒక్కతే నిలబడి.

పిడుగు అసలు పేరు పిడుగు కాదు లెండి. పదేళ్ల పిల్ల. నడవమంటే పరిగెడుతుంది, ఆగమంటే దూకుతుంది. అందుకే ఇంట్లోనూ బళ్లోనూ అందరూ అలాగే పిలుస్తారు. ఇక ఆ రాయి ఆమెది కాదు, ఆమె స్నేహితురాలు తాబేలుది. ఆ పిల్లకి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా?

పోయిన ఆదివారం పిడుగు మేనత్త వీళ్లిద్దరినీ ఊరి చివర ఉన్న పాత సున్నపురాయి క్వారీకి తీసుకెళ్లింది. అత్త పళ్ల డాక్టర్. వారమంతా జనం పళ్లు చూస్తుంది, సెలవు రోజున రాళ్లు చూస్తుంది. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట బతికిన ప్రాణుల ఆకారాలు కొన్ని రాళ్లలో మిగిలిపోతాయి. వాటినే శిలాజాలంటారు. అత్త ఇంట్లో వాటికోసం ఒక బీరువానే ఉంది.

క్వారీలో పిడుగు అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది, కనపడ్డ ప్రతి రాయినీ ఎత్తి అవతల పడేసింది. తాబేలు ఒకే చోట గొంతుకూర్చుని ఒక్కో రాయినీ తిప్పి తిప్పి చూసింది. చివరికి శిలాజం ఎవరికి దొరికిందనుకున్నారు? తాబేలుకే! అత్త ఆ రాయి అంచున సుత్తితో టకటకా తట్టింది. రాయి పుస్తకం తెరుచుకున్నట్టు రెండు ముక్కలైంది. ఒక ముక్క మీద ఉబ్బెత్తుగా గవ్వ. రెండో ముక్కలో ఉత్త గుంట.

"అమ్మోనైట్! ఒకప్పుడు సముద్రంలో ఈదేది," అంది అత్త సంబరంగా. "ఇంటికెళ్లాక మంచినీళ్లు, మెత్తటి బ్రష్. అంతే! ఇంకేం తగిలించినా ఊరుకోను."

తాబేలు గుంట ముక్కని పిడుగుకి ఇచ్చింది. పిడుగు మూతి ముడుచుకుంది. "దానికేమో గవ్వ, నాకేమో గుంటా?" అని గొణుక్కుంటూ ఇంటికి తెచ్చి, గాలికి కొట్టుకునే బాల్కనీ తలుపుకి అడ్డం పెట్టేసింది.

రేపు సోమవారం బళ్లో సైన్స్ ఎగ్జిబిషన్. చార్టు మీద బొమ్మ వేస్తానని పిడుగు గవ్వ రాయిని అడిగి తెచ్చుకుంది. బొమ్మ వేసింది. అక్కడితో ఆగితే పిడుగెందుకవుతుంది? అమ్మ కుళాయిల మీది తెల్లమరకలకి వెనిగర్ రాయడం చూసింది. కుళాయే అంత మెరిస్తే రాయి ఇంకెంత మెరుస్తుందో అనుకుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టింది. పొద్దున పీచుతో బరబరా తోమి మళ్లీ నానబెట్టింది. ఇదిగో, మధ్యాహ్నానికి ఇలా అయింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది ఎవరో కాదు, తాబేలు.

"బొమ్మ అయిపోయిందా? రాయి పట్టుకెళ్దామని వచ్చా."

పిడుగు రాయిని తువ్వాలు కింద దాచేసింది. "ఇంకా... కాలేదే. రేపు బడికి తెస్తాలే."

"సరే. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే కదా," అని తాబేలు వెళ్లిపోయింది.

ఆ మాట పిడుగుకి చురుక్కున తగిలింది. రేపేం చెప్పాలి? పోయిందని చెప్పనా? తమ్ముడు పాడుచేశాడని చెప్పనా? పాపం, వాడికి ఇంకా నడకే రాదు. పిడుగు కాసేపు గోళ్లు కొరుక్కుని, తువ్వాలు కింది రాయి పట్టుకుని గబుక్కున తలుపు తీసింది. ఇంకెవరైనా అయితే ఈపాటికి వీధి చివరికి చేరేవాళ్లు. తాబేలు గనక ఇంకా మెట్ల మధ్యలోనే ఉంది.

"ఆగవే! నీకు అబద్ధం చెప్పాను. రాయి పాడైపోయింది. నేనే పాడుచేశాను."

తాబేలు రాయిని చేతిలోకి తీసుకుంది. వేలితో తడిమి చూసింది. నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది పిడుగుకి.

"నన్నొక్క మాట అడగొచ్చు కదే," అంది తాబేలు చివరికి.

పిడుగుకి ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయిపోయిందే. అత్త దగ్గరికి పోదాం రా. ఏదో ఒకటి చేస్తుంది."

అత్త ఇల్లు పక్క వీధిలోనే. కింద ఆసుపత్రి, పైన కాపురం. అత్త రాయిని పళ్లు చూసే లైటు కింద పెట్టింది.

"దేంట్లో ముంచావే దీన్ని?"

"వెనిగర్‌లో."

"ఓసి నీ అసాధ్యం కూలా! సున్నపురాయిని పులుపు తినేస్తుందే తల్లీ. పళ్లని తిన్నట్టే. పన్నయితే సిమెంటు పెట్టి పూడుస్తాను. దీనికేం పెట్టను?"

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. అత్త కళ్లజోడు పైకి తోసుకుంది. "అవునూ, రెండో ముక్కేది?"

"ఆ గుంట ముక్కా? అందులో ఏముందత్తా, ఖాళీ."

"ఖాళీయా! నేను రోజూ పళ్ల అచ్చులు తీయట్లేదూ? పన్ను ఎలా ఉంటే అచ్చులో గుంట అలాగే పడుతుంది. గవ్వ మీద ఎన్ని గీతలున్నాయో ఆ గుంటలోనూ అన్నీ ఉంటాయి. పరిగెత్తు!"

పిడుగు పరిగెత్తింది. వెనకాలే తాబేలూ పరిగెత్తింది, ఆశ్చర్యం కాకపోతే! ఇంటికెళ్లేసరికి బాల్కనీ తలుపు దడదడా కొట్టుకుంటోంది. రాయి లేదు.

"నాన్నా! ఇక్కడ రాయేదీ?"

"అదా? స్కూటర్ కవర్ ఎగిరిపోతుంటే దాని మీద పెట్టానమ్మా," అన్నాడు నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా.

కిందికి వెళ్లి చూస్తే స్కూటర్ మీద కూడా లేదు. పిడుగు ప్రాణం ఉసూరుమంది. తాబేలు వంగి స్కూటర్ కిందికి చూసింది. "ఇదిగోనే!"

రాయి జారి బురదలో బోర్లా పడి ఉంది. పగల్లేదు. గుంట నిండా మాత్రం మట్టి కూరుకుపోయింది. మట్టిని గోటితో గీకేద్దామని పిడుగు చెయ్యి ముందుకెళ్లింది. మధ్యలోనే ఆగిపోయింది. మట్టితో పాటే రాయిని రెండు చేతుల్లోకి తీసుకుని నడిచింది. అవును, నడిచింది!

"త్వరగా రావే బాబూ!" అంది తాబేలు.

ఆసుపత్రిలో అత్త గిన్నెలో మంచినీళ్లు పోసి, మెత్తటి బ్రష్ పిడుగుకి ఇవ్వబోయింది. పిడుగు తల అడ్డంగా ఊపింది. "తాబేలు కడుగుతుందత్తా. నేను గిన్నె పట్టుకుంటా."

మట్టి కరిగింది. ఒక గీత కనపడింది. పక్కనే ఇంకొకటి. ఆ తర్వాత చుట్ట పొడుగునా అన్నీ! పిడుగు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

పళ్ల అచ్చులు తీసే గులాబీరంగు ముద్దని అత్త కలిపి గుంటలో నొక్కింది. గట్టిపడ్డాక మెల్లగా ఊడదీస్తే గవ్వ వచ్చింది, ఒక్క గీత తగ్గకుండా.

"చిగుళ్ల రంగులో ఉందే!" అంది తాబేలు. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

"గుంట ముక్క ఇకనుంచీ నీదే," అంది పిడుగు. "ఆ అరిగిపోయినది నాకిచ్చెయ్."

సోమవారం ఎగ్జిబిషన్ బల్ల మీద అన్నీ వరసగా పెట్టారు. సైన్స్ మాస్టారు గుంట రాయిని చూసి మురిసిపోయారు. తర్వాత నున్నటి రాయిని పైకెత్తారు. "ఇదీ అందులో ముక్కేనా? ఇదెందుకిలా ఉంది?"

"అది... అది దొరికినప్పుడే అలా ఉంది సార్," అంది తాబేలు గబగబా. ఆ పిల్ల జీవితంలో అంత వేగంగా మాట్లాడింది అప్పుడే.

"లేదు సార్," అంది పిడుగు. "బాగానే దొరికింది. నేనే అడక్కుండా వెనిగర్‌లో నానబెట్టాను."

మాస్టారు ఇద్దరి వంకా చూసి నవ్వారు. తాబేలు బల్ల కింద నుంచి పిడుగు చెయ్యి పట్టుకుంది.

"ఈ ఆదివారం క్వారీలో నీ పక్కనే కూర్చుంటానే," అంది పిడుగు, తాబేలు చెవిలో.

"కూర్చుంటావా? నువ్వా?"

ఆదివారం వచ్చింది. పిడుగు నిజంగానే కూర్చుంది. రాయి తర్వాత రాయి తిప్పి చూసింది. ఒకదాని అంచున గీతలు కనపడగానే ఎగిరి గంతెయ్యబోయి ఆపుకుంది.

"తాబేలూ, ఇలా రావే!" అని పిలిచింది. "తొందరేం లేదు, నెమ్మదిగానే రా."