పది సెంటీమీటర్ల అబద్ధం

"లిఫ్టుకి తాడెందుకమ్మా? ఇప్పుడన్నీ వైర్‌లెస్ కదా!"

మేనేజరు ఈ మాట నవ్వులాటకి అనలేదు. నోట్‌బుక్ తెరిచి, జవాబు రాసుకోవడానికి పెన్ను పట్టుకుని మరీ అడిగాడు. లిఫ్టుల కంపెనీకి రాకముందు ఆయన పన్నెండేళ్ళు తలనూనె అమ్మించాడు.

ఇంజనీరమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "కుదరదు సార్. తాడు తీసేస్తే లిఫ్టు ఒకవైపే వెళ్తుంది. కిందికి."

"ప్రతిదానికీ కుదరదంటే ఎలా? కాస్త పాజిటివ్‌గా ఉండాలి," అంటూ ఆయన తన కుర్చీ బెల్టు బిగించుకున్నాడు. గోడౌన్‌లో దొరికితే పైకి తెప్పించుకున్న ఆ మెత్తటి కుర్చీ అంటే ఆయనకి ప్రాణం. దానికి బెల్టు ఎందుకుందో తెలియదు గానీ, ముఖ్యమైన మీటింగుల్లో తప్పకుండా పెట్టుకునేవాడు.

ఆఫీసులో ఆమెని అందరూ 'కుదరదు గారు' అనేవాళ్ళు. ఎదురుగా సేల్స్‌లో ఒకడున్నాడు. వాడి పేరు 'అయిపోతుంది'. కస్టమరు చప్పుడు రాకూడదంటే అయిపోతుంది. వారంలో కావాలంటే అయిపోతుంది. గోడ అడ్డమొచ్చినా అయిపోతుంది. అతను చిరునవ్వుతో మాటిచ్చి వస్తే, ఆమె చెమటలు కక్కుతూ దాన్ని నిలబెట్టేది.

"అయిపోతుంది అన్నమాటకి రెండర్థాలున్నాయి, తెలుసా?" అని ఒకసారి అడిగేసింది. "పని అయిపోతుందని మీ ఉద్దేశం. మన పని అయిపోతుందని నా ఉద్దేశం."

అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి తన కోపం సగం దిగిపోయిందని తెలిసి ఆమెకి మళ్ళీ కోపమొచ్చింది.

ఆ సోమవారం అతను గంతులేస్తూ వచ్చాడు.

"ఇంజనీరు గారూ, ఒక టీచరమ్మ ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పారు. మేడ మీద ఉంటారు. మోకాళ్ళు సహకరించక రెండేళ్ళుగా కిందికి దిగలేదు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున వాళ్ళ బడికి నూరో వార్షికోత్సవం. మొదటి గంట ఆవిడే కొట్టాలట. నేను మాటిచ్చేశాను."

"ఇవ్వకుండా ఎలా ఉంటారు!"

"ఈసారి కొలిచి ఇచ్చానండీ. మెట్ల పక్కన సామాన్ల గది వెడల్పు తొంభై రెండు సెంటీమీటర్లు. మన చిన్న లిఫ్టుకి తొంభై చాలు కదా?"

"కొలిచారా? మీరా?"

"మూడుసార్లు," అన్నాడు, కొంచెం గర్వంగా.

బుధవారం ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. మేడ మీద కిటికీ పక్కన టీచరమ్మ కూర్చుని ఉంది. గది నిండా పుస్తకాలు. తలుపు దగ్గర కొక్కేనికి ఒక మగవారి గొడుగు, దుమ్ము లేకుండా తుడిచి ఉంది.

"అయిపోతుంది టీచర్, మీరేం దిగులు పడకండి," అన్నాడతను గుమ్మంలోనే.

"అయిపోతుంది అనకు బాబూ. అవుతుంది అను."

అతను నవ్వేసి, అలాగేనన్నాడు. ఎందుకు దిద్దిందో అడగలేదు.

ఇంజనీరు మోకాళ్ళ సంగతి అడిగింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "నొప్పి అప్పుడూ ఉండేదమ్మా. మా ఆయన చెయ్యి పట్టుకుని దింపేవారు. ఇప్పుడు మెట్లున్నాయి, చెయ్యి లేదు. అంతే తేడా."

ఆ మాట విన్నాక, ఇది కుదిరితే బాగుండునని ఇంజనీరుకి మొదటిసారి అనిపించింది. కిందికి వెళ్ళి, కొత్త టేపు తీసి, సామాన్ల గదిని కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఎనభై రెండు.

అతన్ని వరండాలోకి లాక్కొచ్చింది. అప్పుడే వాన మొదలైంది.

"తొంభై రెండన్నారు! ఎనభై రెండుంది! ఆర్డరు కోసం అంత పెద్దావిడకి అబద్ధం చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?"

"లేదండీ! నేను నిజంగా—"

"కంటితో కొలిచి ఉంటారు, కిందటిసారిలా!"

"కిందటిసారి మీరు తిట్టారనే ఈసారి టేపు పెట్టి కొలిచాను. నా టేపు మీద నమ్మకం లేక మీ సొరుగులోది తీసుకెళ్ళాను. మీ దగ్గరున్నది తప్పు చూపించదనుకున్నాను." జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పాత స్టీలు టేపు. చూడగానే ఆమె గుర్తుపట్టింది. ఏడాది కింద లిఫ్టు తలుపులో ఇరుక్కుని దాని మొదటి పది సెంటీమీటర్లు తెగిపోయాయి. దానితో ఏం కొలిచినా వచ్చిన అంకెలోంచి పది తీసేయాలని వర్క్‌షాపులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎక్కడా రాయలేదు. సేల్స్ మనిషి టేపు పట్టుకుంటాడని ఎవరు కలగన్నారు?

"జీవితంలో మొదటిసారి కొలిచానండీ," అన్నాడతను దీనంగా. "అబద్ధమాడింది మీ టేపు."

ఆమెకి ముందు సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది. రెండూ ఆపుకోలేక వానలోకి మొహం తిప్పుకుంది.

"టేపు నాది. తప్పు నాది," అంది చివరికి.

"అయితే ఈ ఒక్కసారికి కుదరదనకండి."

ఆమె కుదరదనలేదు. అతనికి అదే గొప్ప సంగతి.

మర్నాడు మేనేజరు అంతా విన్నాడు. "పది సెంటీమీటర్లే కదమ్మా! అడ్జస్ట్ చెయ్యి."

"లిఫ్టు ఊపిరి బిగబట్టదు సార్."

"పోనీ, వచ్చే నెలాఖరుకి చూద్దామని ఆవిడకి చెప్పెయ్యవయ్యా. నీకు అలవాటేగా!"

అతను తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేను సార్. గంట ఇరవయ్యో తారీఖునే కదా కొట్టేది."

ఇంజనీరు అతని వైపు చూసింది. ఎవరి మాటనైనా అతను కాదనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ చూపు అతని మీంచి మేనేజరు మీదికి వెళ్ళింది. మేనేజరు మీంచి ఆయన పెట్టుకున్న బెల్టు మీదికి. అక్కడ ఆగింది.

"సార్, ఒకసారి లేస్తారా?"

"ఎందుకు?"

"మీరు కూర్చున్నది ఆఫీసు కుర్చీ కాదు. గోడ వెంట రైలు పట్టా లాంటిది వేస్తే దాని మీద మెట్లెక్కి దిగే కుర్చీ. మన కంపెనీ శాంపిల్‌గా తెప్పించింది. పట్టా, మోటారు గోడౌన్‌లోనే ఉన్నాయి."

మేనేజరు బెల్టు విప్పుకుని, కుర్చీ కరుస్తుందేమో అన్నట్టు లేచాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"

"మీకు సుఖంగా ఉంది కదా అని..." అంది. నిజానికి ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం చూసి నవ్వుకోవడం వర్క్‌షాపు వాళ్ళకి రోజూ మధ్యాహ్నం ఓ కాలక్షేపం.

అతను మాత్రం తల పట్టుకున్నాడు. "ఇలాంటిది మన దగ్గరుందా! రెండేళ్ళుగా లేనివన్నీ అమ్ముతున్నాను. ఉన్నదాని గురించి ఒక్కరూ చెప్పలేదు!"

"మీరు అడిగారా?"

"ఇకమీదట అన్నీ అడుగుతాను," అన్నాడు. ఆ 'అన్నీ'లో ఏమేం ఉన్నాయో ఆమెకి కాస్త అర్థమై, చెవులు వేడెక్కాయి.

ఆ తర్వాత పరుగే పరుగు. గోడౌన్‌లో అతను పట్టా ముక్కలు కొలిచి అంకెలు అరిచేవాడు, ఆమె "పది తీసెయ్యండి!" అని అరిచేది. కొత్త టేపులున్నా ఇద్దరూ ఆ తెగిన టేపునే వాడారు. ఎందుకని ఒకరినొకరు అడగలేదు. టీచరమ్మ ఇంటి పంతొమ్మిది మెట్ల వెంట పట్టా బిగించారు. ఇసుక బస్తాలు కూర్చోబెట్టి నలభైసార్లు దింపారు. నలభై ఒకటోసారి అతను కూర్చున్నాడు.

"భయంగా ఉందా?" అందామె.

"బిగించింది మీరు కదా," అన్నాడు. ఆమె చేతిలోని స్పానరు జారి కింద పడింది.

ఇరవయ్యో తారీఖు ఉదయం టీచరమ్మ ఇస్త్రీ చీరలో కుర్చీలో కూర్చుంది. పక్కనే ఒక మెట్టు వెనక ఇంజనీరు. ఒక మెట్టు ముందు, వెనక్కి నడుస్తూ అతను. మోటారు గుర్రుమంది. కుర్చీ కదిలింది.

"ఇంజనీరు గారూ, ఒకటి అడగాలి," అన్నాడతను.

"ఇప్పుడా? కుర్చీ నడుస్తోంది!"

"కిందికి దిగితే మేనేజరుంటాడు. నాకున్నది ఈ పంతొమ్మిది మెట్లే." గోడ తడుముకుంటూ ఇంకో మెట్టు వెనక్కి దిగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

టీచరమ్మ ఏమీ విననట్టు ఎదుటి గోడకేసి చూసింది.

మూడు మెట్లు గడిచాక ఇంజనీరు అడిగింది. "నన్ను సుఖంగా చూసుకుంటారా?"

అయిపోతుంది అంటాడనుకుంది. అతను అనలేదు.

"ఇప్పుడే చెప్పలేనండీ. కొలవకుండా మాటివ్వడం మానేశాను. రోజూ చూసుకుంటూ, తక్కువైన చోట దిద్దుకుంటాను."

అంతవరకు ఎవరిచ్చిన మాటా ఆమెకి ఇంత గట్టిగా వినపడలేదు. అలవాటు చొప్పున పెదవులు 'కు' దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"అయిపోతుంది," అంది.

టీచరమ్మ చటుక్కున ఎర్ర మీట నొక్కింది. కుర్చీ ఆగింది.

"ఏమైంది టీచర్?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"తప్పు దిద్దుతున్నాను," అంది ఆవిడ నెమ్మదిగా. "అయిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నలభై ఏళ్ళు పట్టుకున్న చెయ్యి ఒక్క ఉదయంలో అయిపోయింది. మీరు అవుతుంది అనండి. రోజూ అవుతూ ఉంటుంది. ఏదీ, ఇద్దరూ."

"అవుతుంది టీచర్."

"వినపడలేదు."

"అవుతుంది టీచర్!"

మీట వదిలింది. మిగిలిన మెట్లు కుర్చీ దిగిందో, వాళ్ళే ఎగిరారో ఇంజనీరుకి గుర్తులేదు.

బడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గంట తాడు టీచరమ్మ చేతికిచ్చారు. ఆవిడ లాగింది. గంట కదిలింది గానీ మోగలేదు. ఆవిడ వెనక్కి చూసి ఇద్దరినీ పిలిచింది. తాడు మీద అతని చెయ్యి, దాని మీద ఆమె చెయ్యి, అన్నిటికంటే పైన టీచరమ్మ చెయ్యి. గంట మోగింది. మోగుతూనే ఉంది. మూడు చేతుల్లో ఒక్కటీ తాడు వదల్లేదు.

వెనక నిలబడిన మేనేజరు నోట్‌బుక్ తెరిచి ఏదో రాసుకున్నాడు. పక్కనున్న పెద్దాయన తొంగి చూశాడు.

'తాడు లేకుండా కుదరదు' అని రాసుంది.