గుంజలు కదిలిన పోటు

శాలివాహన శకం వెయ్యిన్నూట నలభై తొమ్మిది, సర్వజిత్తు నామ సంవత్సరం, శరదృతువు. ఆ ఆశ్వయుజంలో గవ్వలదీవి కోట బురుజెక్కి పడమటికి చూసినవారికి సముద్రం కనబడలేదు. వజ్రకూట చక్రవర్తి ఓడల తెరచాపలే కనబడ్డాయి.

నాలుగు తరాలుగా ఆ ఓడలే దీవికి బియ్యం తెచ్చి, ఉప్పూ శంఖాలూ తీసుకుపోయేవి. దీవి ఆడపిల్లలు వజ్రకూటంలో కోడళ్ళయ్యారు, అక్కడి పిల్లలు ఇక్కడ కోడళ్ళయ్యారు. కొత్తగా పట్టానికి వచ్చిన చక్రవర్తికి ఉప్పు చాలలేదు, రేవే కావాలన్నాడు. దీవిరాజు కేతభూపాలుడు ఇవ్వనన్నాడు.

రేవులోకి ఇసుకమేటల నడుమ ఒక్కటే దారి. దానికి ఇరుపక్కలా గుంజలు నాటి ఉంటాయి. సముద్రంలో పోయిన ప్రతివాడి పేరునా ఇంటి ఆడవాళ్ళు ఒక గుంజ నాటుతారు. పోయినవాడు ఉన్నవాళ్ళకు దారి చూపుతాడని వారి నమ్మకం. నాటిన గుంజను ఎన్నడూ కదిలించరు. ఇది వజ్రకూటం వారికీ తెలుసు. పున్నమి పోటుకు ఆ గుంజల వెంటే వచ్చి, రేవు వైపున్న పొట్టి గోడ ఎక్కుదామని కాచుకుని ఉన్నారు.

చతుర్దశి ఉదయం సభలో సేనాపతి పోలినాయకుడు లేచి ఇలా అన్నాడు: "ప్రభూ, గుంజలు పెరికించి దక్షిణపు మేట మీద నాటించండి. శత్రువు ఓడలు తమంతట తామే వచ్చి మేటనెక్కి కూర్చుంటాయి. మా తండ్రిగారి గుంజ నేనే మొదట పెరుకుతాను."

మంత్రి విద్దన చేతులు జోడించాడు. "సేనాపతివారి తెగువకు దండం. కాని ప్రభూ, మన పడవలు చేపల వేటకు వెళ్ళి ఉన్నాయి. ఈ ముట్టడి సంగతి వాటికి తెలియదు. గుంజలను నమ్ముకుని తిరిగివచ్చే మనవాళ్ళను మనమే మేట మీదికి తోసుకుందామా? వీరి కుమారుడు బొల్లన ఆ పడవల్లోనే ఉన్నాడు. తండ్రి మరిచినా ప్రభువులు మరవరాదు."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. దీవి లొంగితే ఏలుబడి నీకేనని చక్రవర్తి రహస్యంగా ఇచ్చిన మాట మాత్రం విద్దన చెప్పలేదు.

"పడవలు విదియకు గాని రావు," అన్నాడు పోలినాయకుడు. "పున్నమి పోటు గడవగానే గుంజలు తిరిగి నాటిస్తాను."

రాజు, "మా తాతగారి గుంజ కూడా అక్కడే ఉంది, సేనాపతీ. కదిలించవద్దు," అన్నాడు.

పోలినాయకుడు సభ దాటి నేరుగా పడవలవాళ్ళ వాడకు నడిచాడు. గుంజలు నాటే ఆడవాళ్ళకు పెద్ద గంగాసాని. ఆమె తమ్ముళ్ళిద్దరూ వేటకు పోయి ఉన్నారు. ఆమె అంతా విని అడిగింది.

"రాజు ఒప్పాడా?"

"లేదు."

"నీ కొడుకూ మావాళ్ళతోనే పోయాడుగా, నాయకా?"

"పోయాడు."

"అయితే పద," అంది.

మధ్యాహ్నం వాన దట్టంగా పట్టింది. ఆ తెర చాటున ఆడవాళ్ళు మెడలోతు నీళ్ళలో దిగి గుంజలు పెరికారు. ఒక ముసలామె పెనిమిటి గుంజ ఎంతకీ ఊడిరాలేదు. "బతికున్నప్పుడూ ఇంతే, పదిమంది లాగితే గాని కదిలేవాడు కాదు," అందామె. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తరువాత పదిమందీ కలిసి దాన్ని లాగారు. చీకటి పడేలోగా గుంజలన్నీ దక్షిణపు మేట మీద నాటారు.

సాయంకాలం ఆ వానలోనే విద్దన సంధి మాటల నెపంతో పడవెక్కి శత్రువుల దగ్గరకు పోయాడు. రాజు వద్దన్నాడు గనుక గుంజలు కదలలేదని చెప్పి, నమ్మకానికి తానే అన్నిటికంటే ముందు నడిచే ఓడలో కూర్చున్నాడు.

మరునాడు పోటు నిండే వేళకు ఓడలు బారులు తీరి వచ్చాయి. ముందుది మేటనెక్కి ఒరిగింది. వెనుకవి దాని మీద పడ్డాయి. పోలినాయకుడి మనుషులు గోడ మీది నుంచి నిప్పు బాణాలు వేశారు. విద్దన ముందు ఓడతోపాటే పోయాడు.

అప్పుడు దక్షిణాన చిన్న తెరచాపలు కనబడ్డాయి. వేట పడవలు. శత్రువు రేవులో దిగుతున్నాడని దూరం నుంచే చూసి, కోటను కాపాడుకోవాలని గాలి పట్టుకుని వేగంగా వస్తున్నాయి. గుంజలు చూసి, వాటి వెంట మేట వైపే తిరిగాయి. రావద్దని పోలినాయకుడు బురుజు మీద పొగ వేయించాడు. తగలబడుతున్న ఓడల పొగలో అది కలిసిపోయింది. అతడు చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్నవారు ఏదో అన్నారు, అతనికి వినబడలేదు.

మిగిలిన ఓడలు మూడోనాడు వెళ్ళిపోయాయి. పోలినాయకుడు సభలో ఖడ్గం రాజు పాదాల దగ్గర పెట్టాడు. "ఆజ్ఞ మీరాను, ప్రభూ. శిక్ష విధించండి."

"మీరు మీరకపోతే ఆజ్ఞ ఇవ్వడానికి మేము మిగిలేవాళ్ళం కాదు," అని రాజు వీరకంకణం తెప్పించాడు. పోలినాయకుడు చెయ్యి చాచాడు. తొడిగించుకుని ఇంటికి పోయాడు.

మరుసటి ఏడు సంధి కుదిరింది. బియ్యం వచ్చింది, ఉప్పు వెళ్ళింది. రేవు దీవిదిగానే ఉండిపోయింది.

ఆ పోటులో దీవి పడవలు ముప్పై ఆరింటిలో తొమ్మిదే దరి చేరాయి. నూట నలభై మంది పోయారు. వారిలో బొల్లన ఉన్నాడు, గంగాసాని తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు.